సారె పెట్టెల్లో వచ్చిన బొమ్మలు

(చెన్నై టీ.నగర్‌లో తెలుగువాళ్లు నెలకోసారి కలుసుకునే సాయంత్రం కూటమిలో చేసిన ప్రసంగం, రాతలో)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందాండీ? ఆ ఫ్యాను ఒక్కటి తగ్గిస్తే మైకు లేకపోయినా ఫరవాలేదు. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ఇవాళ కాన్వెంటు గురించి మాట్లాడబోతున్నానని చెప్పగానే మా చెల్లెలు ఫోన్లో, "ఎందులోదే, ఫీజుల గొడవా?" అంది. (నవ్వులు) దాని తప్పేం లేదు. మన ఊళ్లలో కాన్వెంటంటే టై, బూట్లు, పసుప్పచ్చ వ్యాను. మా నెల్లూరు వైపు అయితే హిందూ దేవుళ్ల పేర్లు పెట్టుకున్న కాన్వెంట్లు కూడా ఉన్నాయి. వాటిలో ఎల్‌కేజీ ఉంటుంది, యూకేజీ ఉంటుంది, కన్యాస్త్రీ మాత్రం ఒక్కరూ ఉండరు. నేను మాట్లాడేది అసలు కాన్వెంటు గురించి. కన్యాస్త్రీలు కలిసి బతికే ఇల్లు, మఠం. ఆ ఇళ్లలో గోడల మీద, మెట్ల మలుపుల్లో, ప్రార్థన గదిలో, అటక మీద ఉండే పటాలు, విగ్రహాలు, దంతపు బొమ్మలు, జరీ పని చేసిన బట్టలు అక్కడికి ఎట్లా చేరాయన్నది ఇవాళ్టి సంగతి.

నాది పాత పటాలు, విగ్రహాలు బాగుచేసే పని. 30 ఏళ్లు దాటింది. చిన్నప్పుడు ఈ ఊళ్లోనే సిస్టర్ల దగ్గర చదువుకున్నాను. కొన్నేళ్ల కిందట ఇక్కడే ఒక కాన్వెంటు వాళ్లు పిలిచి, "మా దగ్గర ఏమేమున్నాయో మాకే తెలియదమ్మా, ఒక లిస్టు రాసిపెట్టు" అన్నారు. వాళ్ల పేరు చెప్పను, చెబితే రేపు దొంగలకు నేనే దారి చూపించినట్టవుతుంది. నెలన్నర వెళ్లాను. పెద్ద రిజిస్టరు, టేపు, టార్చి, భూతద్దం. నంబరు, దేంతో చేసింది, ఎత్తెంత, ఎక్కడ దెబ్బతింది. చివరి గడి: "ఎట్లా వచ్చింది".

ఆ చివరి గడి దగ్గరే నా పెన్ను ఆగిపోయేది. మ్యూజియంలో అయితే సులువు. కొన్నది, తవ్వకంలో దొరికింది, ఫలానావారు ఇచ్చారు, అంతే. ఇక్కడ ఏ పటం గురించి అడిగినా ఒకటే మాట, "అది ఎప్పట్నుంచో ఉందమ్మా." ఎవరూ పనిగట్టుకుని పోగుచేయలేదు. మరి 200 పైచిలుకు వస్తువులు ఎట్లా పోగుపడ్డాయి?

ఒక మధ్యాహ్నం అన్నం తింటుంటే తట్టింది నాకు. ఇది సారె! పెళ్లయిన పిల్ల అత్తారింటికి వెళ్లేటప్పుడు పుట్టింటివాళ్లు పంపేది. పసుపు కుంకుమ, చలిమిడి, అరిసెలు, చీరలు, కాస్త ఉన్నవాళ్లయితే మంచం, బీరువా. పిల్లతో పాటు ఆ ఇంటికి చేరి, నాలుగు రోజులు పోయాక ఏది ఎవరిదో ఎవరికీ గుర్తుండదు, ఇంటి సామాన్లలో కలిసిపోతుంది. మా అత్తగారింట్లో ఒక ఇత్తడి గంగాళం ఉంది. అది ఏ కోడలితో వచ్చిందో ఇంట్లో మూడు వాదనలున్నాయి. (నవ్వులు) కాన్వెంటు సంగతీ ఇంతే. కన్యాస్త్రీ అంటే క్రీస్తుకు వధువు అని వాళ్ల భావన. చాలా సంఘాల్లో పాతరోజుల్లో మఠంలో చేరే పిల్లను ముందు పెళ్లికూతురి బట్టల్లోనే పీఠం దగ్గరకు తీసుకొచ్చేవాళ్లు, తర్వాత ఆ బట్టలు విప్పించి ముసుగు వేసేవాళ్లు. వేలికి ఉంగరం కూడా. మరి పెళ్లంటూ ఉన్నాక కట్నమూ ఉంటుంది, సారె కూడా ఉంటుంది.

కట్నం అన్నది నేను పోలిక కోసం వాడిన మాట కాదు. నిజంగానే కట్నం. యూరప్‌లో శతాబ్దాల పాటు మఠంలో చేరే ఆడపిల్ల డబ్బు తేవాల్సిందే. తెచ్చినవాళ్లకు నల్ల ముసుగు, గాయక పీఠంలో చోటు. తేలేనివాళ్లకు తెల్ల ముసుగు, వంటిల్లు, బావి. 1917లో కతోలిక చర్చి చట్టాన్ని క్రోడీకరించినప్పుడు కూడా ఈ కట్నం నిబంధనలు అందులో ఉన్నాయి. 1983లో కొత్త చట్టం వచ్చాకే పోయాయి. మన దేశంలో వరకట్న నిషేధం 1961. మనమే ముందు, కాగితం మీద. (నవ్వులు)

మాడ్రిడ్ నగరం నడిబొడ్డున ఒక మఠం ఉంది, దెస్కాల్సాస్ రియాలెస్. ఆ పేరుకు అర్థం "రాచవారి చెప్పుల్లేని సన్యాసినులు" అని. వట్టికాళ్లతో నడిచే, పేదరికం వ్రతంగా పట్టిన క్లారా సంఘం వాళ్లది. ఇవాళ అందులోని కళాసంపద చూడటానికి దేశదేశాల నుంచి టికెట్టు కొనుక్కుని వస్తారు. చెప్పులు కూడా వద్దనుకున్నవాళ్ల ఇంట్లోకి రూబెన్స్ అంతటి పేరుమోసిన చిత్రకారుడు గీసిన నమూనాలతో నేసిన గోడ తివాచీలు ఎట్లా వచ్చాయి?

దాన్ని కట్టించింది హువానా. ఐదో చార్లెస్ చక్రవర్తి కూతురు, రెండో ఫిలిప్ చెల్లెలు. 1535లో పుట్టింది. ఏ భవనాన్ని మఠంగా మార్చిందో ఆ భవనంలోనే పుట్టింది. పోర్చుగల్ యువరాజుకిచ్చి పెళ్లి చేశారు. 1554 జనవరి 2న భర్త పోయాడు. అదే నెల 20న కొడుకు పుట్టాడు, సెబాస్టియన్. అంటే 18 రోజులు. ఆ పసివాడికి నాలుగు నెలలు రాగానే స్పెయిన్ నుంచి కబురు: అన్న ఇంగ్లండు వెళ్తున్నాడు, రాజ్యం చూసుకోవడానికి నువ్వు రావాలి. బిడ్డ పోర్చుగల్ వారసుడు కాబట్టి అక్కడే ఉంచేసి రావాలి. వచ్చేసింది. తర్వాత 1573లో చనిపోయేదాకా కొడుకును మళ్లీ చూడలేదు.

చూడలేకపోయింది కాబట్టి బొమ్మలు తెప్పించుకుంది. లిస్బన్ నుంచి పిల్లవాడి చిత్తరువులు పంపించమనేది. వాడెంత ఎత్తయ్యాడో, ముఖం ఎవరిదొచ్చిందో వాటిల్లో చూసుకోవాలి. మనవాళ్లు అమెరికాలో మనవడి ఫోటోలు వాట్సాప్‌లో చూసుకున్నట్టే, కాకపోతే నెలలు పట్టేది. ఆ మఠంలో ఉన్న చిత్తరువుల వరసకు మొదలు ఇక్కడుందని నా నమ్మకం. కళాచరిత్ర పుస్తకాల్లో "రాజవంశ ప్రతిష్ఠ కోసం" అని రాస్తారు. ఉండొచ్చు. కానీ నాలుగు నెలల పిల్లాణ్ణి వదిలి వచ్చిన తల్లికి ప్రతిష్ఠ ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను.

ఇంకో చిన్న మాట, పక్కదారే అయినా చెప్పకుండా ఉండలేను. ఈ హువానా మగ పేరు పెట్టుకుని రహస్యంగా జెస్విట్లనే మగవాళ్ల మతసభలో చేరింది. ఆ సభ చరిత్రలో అట్లా చేరిన స్త్రీ ఆమె ఒక్కతే అంటారు.

ఆమె తర్వాత అక్క వచ్చింది. మరియా, చక్రవర్తి రెండో మాక్సిమిలియన్ భార్య. భర్త పోయాక 1580ల మొదట్లో మధ్య యూరప్ నుంచి మాడ్రిడ్ చేరి ఆ మఠంలోనే కాపురం పెట్టి, 1603లో అక్కడే కన్నుమూసింది. ఆమె వెంట వచ్చిన కూతురు మార్గరితను రెండో ఫిలిప్ రాజుకిచ్చి చేద్దామనుకున్నారు. ఆ పిల్ల వద్దంది, అక్కడే కన్యాస్త్రీ అయింది. చక్రవర్తి భార్య, చక్రవర్తి కూతురు ఒక ఇంటికొచ్చి చేరితే పెట్టెలు ఎన్ని వచ్చుంటాయో మీరే ఊహించుకోండి. పునీతుల అవశేషాలుంచిన భరిణెలు, వెండి, పటాలు. ఇక తివాచీలు పంపింది ఇసబెల్ క్లారా యుజేనియా, హువానాకు మేనకోడలు. నెదర్లాండ్స్ పాలిస్తూ, 1621లో భర్త పోయాక తనూ సన్యాసిని బట్టలే కట్టుకుంది. రూబెన్స్‌తో నమూనాలు గీయించి, బ్రస్సెల్స్‌లో ఉన్ని, పట్టు కలిపి నేయించి, 1620ల చివర్లో ఆ మఠానికి కానుకగా పంపింది. దాదాపు 20 తివాచీలు. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే రొట్టె, దాని విజయం వాటిలో విషయం. గుడ్‌ఫ్రైడేకు, సత్ప్రసాద పండుగకు బయటికి తీసి వేలాడదీసేవాళ్లు. మిగతా రోజుల్లో చుట్టి పెట్టేవాళ్లు. మనం పట్టుచీర బీరువాలో పెట్టుకున్నట్టు.

ఇప్పుడు ఆలోచించండి. ఒక్క వస్తువైనా "సేకరణ చేద్దాం" అని వచ్చిందా? కూతురు, అక్క, మేనకోడలు. అంతా ఆడవాళ్ల చుట్టరికం. 1960లో ఆ మఠంలో కొంత భాగాన్ని మ్యూజియంగా తెరిచారు. సన్యాసినులు ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు.

మన తిరుమల గుర్తొస్తుంది నాకు. 1513లో శ్రీకృష్ణదేవరాయలు మొదటిసారి కొండకొచ్చినప్పుడు ఆయనిచ్చిన నగలు శాసనంలో ఉన్నాయి. వాటితో పాటు చిన్నాదేవి, తిరుమలదేవి స్వామివారి పాల నైవేద్యానికి చెరొక బంగారు గిన్నె ఇచ్చారని కూడా చెక్కారు. ఆ రాతి మీద ఆ గడి నిండి ఉంది చూడండి, "ఎట్లా వచ్చింది" అన్న గడి. మన గుళ్లవాళ్లు ఈ విషయంలో కాన్వెంట్ల కంటే ఎంతో నయం.

గోవాకు వద్దాం. పాత గోవాలో సాంతా మోనికా మఠం. 1606లో ఆర్చ్‌బిషప్ అలేషో ద మెనెజిస్ స్థాపించాడు. తూర్పు దేశాల్లో కన్యాస్త్రీలకు కట్టిన మొదటి మఠం. మూడంతస్తుల కోటలా ఉంటుంది, బయట ఊతానికి కట్టిన దిమ్మలు చూస్తే నిజంగా కోటే అనుకుంటారు. 1636లో కాలిపోతే మళ్లీ కట్టారు. అందులో చేరిన పోర్చుగీసు కుటుంబాల పిల్లలు, వితంతువులు పెద్ద పెద్ద కట్నాలు తెచ్చారు. ఎంతగా అంటే గోవా నగర సభవాళ్లు పోర్చుగల్ రాజుకు ఫిర్యాదులు రాశారు: ఊళ్లో డబ్బంతా ఈ మఠంలోకి పోతోంది, పెళ్లీడు పిల్లలూ అందులోకే పోతున్నారు అని. మగవాళ్ల గోల అర్థమవుతూనే ఉంది కదా. పెళ్లి చేసుకుంటే వచ్చే కట్నం దేవుడికి పోతోంది! బెబింకా అనే పొరల మిఠాయి కూడా ఆ మఠంలోని ఒక సిస్టరు చేతిదేనని గోవాలో చెబుతారు. కథే అనుకోండి, కానీ రుచి మాత్రం నిజం.

ఆ కాలపు గోవా దంతపు పనిలో ఒక రకం బొమ్మ ఉంది. మంచి కాపరి రూపంలో బాలయేసు. మ్యూజియంలో అద్దం వెనక ఉంటే మనం రెండు సెకన్లలో దాటిపోతాం. దాటకండి. జానెడు కొండ, దాని మీద పిల్లవాడు కూర్చుని ఉంటాడు. కాలు మీద కాలు. ఒక చెయ్యి చెంపకు ఆనించి, కళ్లు మూసుకుని. భుజం మీద గొర్రెపిల్ల, ఒళ్లో ఇంకొకటి. ఒంటి మీద ఉన్ని చొక్కా, దాని మీద ఉన్నిని చుక్క చుక్కగా చెక్కి ఉంటారు. కింద కొండ అంతస్తులుగా దిగుతుంది, మధ్యలో ఊట, నీళ్లు తాగే పక్షులు, గొర్రెలు. అన్నిటికంటే కింద గుహలో మగ్దలేనా మరియ పడుకుని పుస్తకం చదువుకుంటూ ఉంటుంది. ఇప్పుడు మళ్లీ పైకి చూడండి, ఆ పిల్లవాడి ముఖం. కళ్లు మూసుకున్న ఆ శాంతం బెత్లెహేములోది కాదు. ధ్యానంలో ఉన్న బుద్ధుడిని చూసిన చేయి చెక్కింది అది. పండితులు కూడా ఈ పోలిక చాలాకాలంగా చెబుతున్నారు.

ఆ చేతులు ఎవరివి? 1567లో గోవాలో జరిగిన చర్చి సభ, క్రైస్తవ పూజావస్తువులు హిందూ పనివాళ్లతో చేయించకూడదని ఆంక్ష పెట్టింది. అలాంటి ఆంక్షలు తర్వాత కూడా మళ్లీ మళ్లీ పెట్టాల్సి వచ్చింది. "ఇక్కడ చెత్త వేయరాదు" అన్న బోర్డు ఎక్కడ ఉంటుందో మనకు తెలుసు కదా. (నవ్వులు)

తర్వాతేమైంది? 1834లో పోర్చుగల్ ప్రభుత్వం మఠాలన్నీ రద్దు చేసింది. మగవాళ్ల మఠాలు వెంటనే మూతపడ్డాయి. ఆడవాళ్లను మాత్రం ఉన్నవాళ్లు ఉండండి, కొత్తవాళ్లను చేర్చుకోవద్దు అన్నారు. అది ఇంకా క్రూరమనిపిస్తుంది నాకు. అంత పెద్ద కోటలో ఏటేటా ఒకరు తగ్గుతూ, పాటలో గొంతులు ఒక్కొక్కటే తగ్గుతూ, 1885లో చిట్టచివరి ఆమె పోయింది. 50 ఏళ్లు. కొత్త పెళ్లికూతురు రాని ఇంటికి కొత్త సారె ఎక్కడిది? ఉన్నవీ చెదిరిపోయాయి. భవనంలో సిపాయిలు ఉన్నారు కొన్నాళ్లు.

ఇప్పుడా మఠం చర్చిలో క్రైస్తవ కళా మ్యూజియం ఉంది. 1994లో రాషోల్ సెమినరీలో మొదలై 2002లో ఇక్కడికి మారింది. అక్కడున్నవి ఎక్కువభాగం గోవా చర్చిల నుంచి, ఇళ్ల నుంచి వచ్చినవి. తన సారె పోగొట్టుకున్న ఇల్లు ఇప్పుడు ఊరందరి సారె దాస్తోంది. అందులో గూడబాతు ఆకారంలో ఒక వెండి పాత్ర ఉంది, దివ్యసత్ప్రసాదం ఉంచేది. గూడబాతు తన రొమ్ము చీల్చుకుని నెత్తుటితో పిల్లలను బతికిస్తుందని పాత క్రైస్తవ కథ, అందుకే అది క్రీస్తుకు గుర్తు. నేను సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో గూడబాతులు చూస్తూ పెరిగినదాన్ని. అవి పిల్లలకు పెట్టేది సంచిలో నుంచి కక్కిన చేపలు, నెత్తురు కాదు. కానీ పిల్ల తల్లి గొంతులోకి తల దూర్చి తినేటప్పుడు దూరం నుంచి చూస్తే, ఆ కథ ఎందుకు పుట్టిందో తెలుస్తుంది.

సరే, మన మద్రాసు. ఇక్కడ కోటలో సెయింట్ మేరీస్ చర్చి ఉంది, 1680 నాటిది. అందులోని కడరా భోజనం పటం 1761లో పుదుచ్చేరి పట్టుకున్నప్పుడు తెచ్చిన కొల్లసొమ్ము అంటారు. బొమ్మలు చేరే దారుల్లో అదీ ఒకటి, కానీ మన కథ కొల్ల కథ కాదు కాబట్టి వదిలేద్దాం.

1842లో ఐర్లండ్ నుంచి ప్రెజెంటేషన్ సిస్టర్లు మద్రాసులో దిగారు. వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. దిగారు అంటే ఎట్లా దిగారో ఆలోచించారా? అప్పటికి మనకు హార్బరు లేదు, దాని పని 1870లలో మొదలైంది. ఓడ సముద్రంలో దూరంగా ఆగేది. అక్కడి నుంచి మసూలా పడవ. మేకుల్లేకుండా పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన పడవ. అలల దెబ్బకు విరగకుండా వంగాలి కాబట్టి కుట్టేవాళ్లు. మసూలా అన్నది మన మచిలీపట్నం పేరేనని కొందరంటారు. ఆ అలల మీద ఎగిరెగిరి పడే పడవలో ఒక ట్రంకు పెట్టె, దానిమీద ఒక ఐరిష్ పిల్ల. ఆ పెట్టెలో ఏం పడుతుంది? చేతి శిలువ, ప్రార్థన పుస్తకం, మడిచిన లేసు, మహా అయితే అరచేతంత పటం. మొదటి తరం కాన్వెంట్ల వస్తువులు చిన్నవిగా ఉండటానికి అసలు కారణం భక్తి కాదు, పడవ.

పెద్ద విగ్రహాలు తర్వాతి తరానివి. 1869లో సూయజ్ కాలువ తెరిచారు, ఆవిరి ఓడలొచ్చాయి. పారిస్‌లో సెయింట్ సుల్పీస్ చర్చి చుట్టూ వీధుల నిండా విగ్రహాల కొట్లు ఉండేవి. ప్లాస్టర్‌తో అచ్చు పోసి రంగులేసేవాళ్లు. కేటలాగు ఉండేది. ఎత్తును బట్టి ఒక ధర, బంగారు పూత అంచులు కావాలంటే ఇంకో ధర. లూర్దు మాత, తిరుహృదయం, బాలయేసును ఎత్తుకున్న జోసెఫ్. ప్రపంచమంతా ఆ ముఖాలే వెళ్లాయి. నిజం చెప్పాలంటే నాకు అవంటే పెద్ద ఇష్టం లేదు. గులాబీ బుగ్గలు, పైకి తిప్పిన కళ్లు. కానీ ఇష్టాలు చూసుకుంటే లిస్టు రాయలేం.

పటాల్లో చాలావరకు ఓలియోగ్రాఫులు. తైలవర్ణ చిత్రంలా కనిపించే అచ్చు. కాన్వాసు గరుకు కూడా అచ్చులోనే నొక్కి, పైన వార్నిష్ పూస్తారు. మన రవివర్మ 1894లో బొంబాయి దగ్గర పెట్టిన ప్రెస్సు లక్ష్మీ సరస్వతులను ఇంటింటికీ చేర్చింది ఇలాంటి పద్ధతిలోనే. భూతద్దం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. మరియమాత చెంప చెంపలా ఉండదు, ఎరుపు, పసుపు చుక్కలుగా విడిపోతుంది. ఆ కాన్వెంటులో మెట్ల దగ్గరున్న ఒక పటాన్ని ఒరిజినల్ పెయింటింగని ఎవరో ఎప్పుడో చెప్పారట, దానికి ఇన్సూరెన్స్ గురించి అడిగారు నన్ను. భూతద్దం మదర్ గారి చేతికిచ్చాను. ఆవిడ చూసి, కాసేపు ఊరుకుని, "చుక్కలైనా అమ్మ అమ్మే కదా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

వీటికి శత్రువు చెద ఒక్కటే కాదు. పండగ! పండగొస్తోందంటే ఎవరో ఒకాయన భక్తిగా ఎనామిల్ డబ్బా తెస్తాడు. 100 ఏళ్ల నాటి రంగు మీద తళతళలాడే నీలం. ఒక విగ్రహం మడమ దగ్గర నేను చాకుమొనతో గోటంత మేర గీకి చూస్తే ఐదు పొరలు కనపడ్డాయి. అట్టడుగున మసక నీలం, దాని అంచున సన్నటి బంగారు గీత. ఆ గోటంత చోటుకు ఒక పూట పట్టింది. మొత్తం విగ్రహానికి ఎన్ని పూటలో లెక్కేసి టెన్షన్ పడి, అంతటితో ఆపేశాను.

ఇంకో దెబ్బ 1960లలో. ప్రపంచంలోని కతోలిక బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో ఆమోదించిన పూజావిధుల పత్రంలో ఆడంబరం కంటే హుందా అయిన అందం చూడండి, విగ్రహాల సంఖ్య మితంగా ఉంచండి అని ఉంది. మాట మంచిదే. కానీ మితంగా అనగానే చాలాచోట్ల అటకలు నిండిపోయాయి, కొన్నిచోట్ల మూర్ మార్కెట్ నిండింది. 1985లో అది కాలిపోయేముందు అక్కడి పాత సామాన్ల కొట్లలో రెక్క విరిగిన దేవదూతలను నేను స్వయంగా చూశాను, బేరమాడే డబ్బుల్లేక వదిలేశాను.

అదే మహాసభ ఇంకో తలుపు కూడా తెరిచింది. స్థానిక కళకు చోటిమ్మంది. దాని ఫలం మనకు బెంగుళూరులో కనపడుతుంది. 1967లో అక్కడ మొదలైన కతోలిక జాతీయ ధర్మోపదేశ కేంద్రంలో చిత్రకారుడు జ్యోతి సాహి పని చూడండి. సిస్టర్ క్లేర్ అని సలేషియన్ మిషనరీస్ ఆఫ్ మేరీ ఇమ్మాక్యులేట్ సంఘం ఆవిడ ఉండేవారు, 2018లో పోయారు. ఆమె బొమ్మల్లో మరియమాత చీర కట్టుకుని, మన ఇళ్లలో ఆడవాళ్లలాగే నేల మీద కూర్చుని ఉంటుంది. అప్పటిదాకా కాన్వెంటులోకి బొమ్మ బయటి నుంచి రావాలి. ఇప్పుడు లోపలే పుడుతోంది. దీని గురించి ఇంకోరోజు మాట్లాడుకోవాలి, ఇవాళ టైం చాలదు.

మళ్లీ నా రిజిస్టరు దగ్గరకొస్తాను, ఎందుకంటే నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి.

పని దాదాపు అయిపోయింది. ఫ్రెంచి ప్లాస్టరు, ఇటలీ అచ్చులు, దంతపు శిలువ ఒకటి, జరీ పూజావస్త్రాలు, అన్నీ రాశాను. ఒక పెద్దావిడ ఉండేవారు అక్కడ, 80 దాటినావిడ, గుంటూరు వైపు పల్లె. ఆ ఇంట్లో నాతో తెలుగు మాట్లాడేది ఆవిడ ఒక్కరే. రోజూ నా పక్కన కుర్చీ వేసుకుని జపమాల తిప్పుకుంటూ చూస్తుండేవారు. ఆ రోజు అడిగారు, "ఏమ్మాయ్, ఆ కింది అరలో అట్టపెట్టె రాశావా?"

"అది క్రిస్మస్ సామాను కదా సిస్టర్, రాయలేదు," అన్నాను. నక్షత్రాలు, సీరియల్ బల్బులు ఉంటాయనుకున్నా.

"తియ్యి ముందు."

తీశాను. పాత ఆంధ్రపత్రిక కాగితాల్లో చుట్టి కొండపల్లి బొమ్మలు. ఆవూ దూడా, ఎడ్లబండి, అంబారీ ఏనుగు, చల్ల చిలికే ఆవిడ, తాటిచెట్టు, దాని మీద కల్లు గీసేవాడు. తెల్లపొణికి కర్ర, చేతిలో బరువే ఉండదు. ఏనుగు తొండం ఒకసారి విరిగితే చింతగింజల జిగురుతోనే అతికించినట్టుంది, అతుకు నల్లగా కనపడుతోంది. ఆవిడ మాటపట్టు, అంటే కన్యాస్త్రీగా ఉంటానన్న ప్రమాణం, తీసుకున్న ఏడు వాళ్లమ్మ పంపిందట. ఇంట్లో పెద్దపిల్ల. రెండోదానికి పెళ్లి చేసినప్పుడు సారె పెట్టింది ఆ తల్లి, మరి పెద్దదానికి పెట్టొద్దా? చీరలు పంపితే కట్టదు. అరిసెలు పంపితే అందరికీ పంచేసి తను తినదు. ఆలోచించి ఆలోచించి బొమ్మలు పంపింది. సారెలో బొమ్మలు పెట్టడం వాళ్ల ఇంటి అలవాటట.

"మరి ఇక్కడ వీటినేం చేశారు సిస్టర్?"

"ఏం చేస్తాం, పశువుల పాకలో పెట్టాం. ఆవూ దూడా బాలయేసు దగ్గర. ఏనుగు ముగ్గురు జ్ఞానులకు, వాళ్ల ఒంటెకు అప్పటికే కాలు విరిగింది. కల్లు గీసేవాడి దగ్గర మాత్రం అప్పటి మదర్ ఆగింది. ఐర్లండావిడ. ఇతనెవరు అంది. కొబ్బరికాయలు కోసేవాడని చెప్పా." (నవ్వులు) "దేవుడు క్షమిస్తాడులే."

"ఆవిడ నమ్మారా?"

"నడుముకు ముంత ఎందుకుంది అని అడిగింది. నీళ్లకు అని చెప్పా."

రిజిస్టరు మళ్లీ తెరిచాను. చివర పేజీలో చోటు లేదు, కొత్త పేజీ మొదలుపెట్టాల్సి వచ్చింది. నంబరు వేసి, కొండపల్లి, పొణికి కర్ర, మొత్తం ఆరు అని రాసి, ఏనుగు ఎత్తు కొలిచి, చివరి గడిలోకి వచ్చాను. ఆ ఒక్క గడి ఆవిడే నింపుతానన్నారు. పెన్ను తీసుకుని వణికే చేత్తో తెలుగులో రాశారు: "అమ్మ పంపింది". వాళ్లమ్మ పేరు కూడా రాయమన్నాను. రాశారు. అది నేనిక్కడ చెప్పను.